ముప్పై వేల ముప్పై ఒకటి

నన్ను బళ్లో యాభై ఒకటి అంటారు. ఏడో తరగతిలో బోర్డు మీద ప్రధాన సంఖ్యలు రాస్తూ 51ని కూడా ఆ వరుసలో వేశాను. అది మూడు పదిహేడులని వెనక నుంచి చెప్పింది వెండెల్. పేరు పెట్టిందీ అతనే. మాది నార్త్ డకోటాలో చిన్న ఊరి బడి, లెక్కలకి పెద్ద తరగతులవాళ్లూ మా గదిలోనే కూర్చునేవాళ్లు. మధ్యాహ్నం భోజనానికల్లా ఆ పేరు అందరికీ తెలిసిపోయింది.

ఈ ఫిబ్రవరిలో జిల్లా లెక్కల పోటీకి లిండ్‌క్విస్ట్ టీచర్ మా ఇద్దరినీ జంటగా వేసింది. మంచులో వ్యాను తోలుతూ, ఆఖరి ప్రశ్న తప్పితే ఇంటికే, ఒప్పయితే రాష్ట్ర పోటీకి బిస్మార్క్ వెళ్తామని చెప్పింది. వెండెల్ పన్నెండో తరగతి. అతనికి మళ్లీ అవకాశం లేదు. నా శాండ్‌విచ్ కాగితంలోనే ఉండిపోయింది.

"మొదటి గంటకే ఇచ్చెయ్, యాభై ఒకటీ," అన్నాడతను. "ఐదు మార్కులు. రెండో గంటకైతే మూడే. చీటీ ఒక్కసారే తీసుకుంటారు. దిక్కులు చూస్తూ కూర్చోకు."

ఆ ప్రశ్నలో ముందు కూర్చున్నవాళ్లు ఒక సంఖ్య కట్టి భుజం మీంచి వెనక్కి అందించాలి. వెనకవాళ్లు దానికి కారణాంకాలు ఎన్ని ఉన్నాయో రాయాలి. మాట్లాడకూడదు, తిరిగి చూడకూడదు. వెండెల్ కట్టాల్సింది, మొదటి ఆరు ప్రధాన సంఖ్యల లబ్ధానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య. చీటీ వెంటనే వచ్చింది. 30031.

రెండుతో భాగిస్తే శేషం ఒకటి. మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, దేనితోనైనా ఒకటే. అయితే ప్రధాన సంఖ్యే. కారణాంకాలు రెండు. 2 వేశాను. గంట మోగింది. చెయ్యెత్తబోతే పదిహేడు గుర్తొచ్చింది. ఆ ఆరింటికీ లొంగలేదు, సరే. పదిహేడుకు లొంగదని ఎవరు చెప్పారు?

చెయ్యి దించేశాను. ముందు వెండెల్ మెడ ఎర్రబడింది. అతని బూటు నేలను తన్నుతోంది.

పదిహేడుతో శేషం మిగిలింది. పంతొమ్మిదితోనూ మిగిలింది. నూట డెబ్బై మూడు దాకా చూడాలి, ఉన్నవి మూడు నిమిషాలు. చెమటకి పెన్సిల్ జారిపోతోంది. ఇది నిజంగా ప్రధాన సంఖ్యే అయితే రెండు మార్కులు నా చేతులారా పోగొట్టినట్టే. కాకపోతే, ఆ సంగతి తేలకముందే గంట మోగుతుంది. నలభై ఏడు దగ్గర అంకెలు అలికినట్టయ్యాయి.

యాభై మూడుతో ముప్పై మూడు మిగిలింది. యాభై తొమ్మిది. ఐదు వందల సార్లు, ఇంకో తొమ్మిది సార్లు. ఏమీ మిగల్లేదు.

నమ్మలేక తిరిగి గుణించాను. 59, 509. 59 కన్నా చిన్న ప్రధాన సంఖ్యలేవీ 30031ని భాగించలేదు కాబట్టి 509ని కూడా భాగించలేవు. ఒకటి, ఆ రెండూ, 30031. 2 కొట్టేసి 4 వేశాను. గంట మోగుతుండగా చెయ్యెత్తాను.

చీటీ తీసుకున్నాయన కొట్టివేత కేసి చాలాసేపు చూసి, బోర్డు మీద మా బడి ఎదురుగా మూడు వేశాడు. బిస్మార్క్‌కి అది చాలు.

వెండెల్ నా చిత్తు కాగితం తీసుకుని పైనుంచి కింది దాకా చదివాడు. పోయిన రెండు మార్కుల గురించి అంటాడేమోనని వ్యాను దాకా భయపడుతూనే ఉన్నాను. ఎక్కాక తలుపు సరిగ్గా పడలేదు.

"గట్టిగా లాగు, యాభై తొమ్మిదీ," అన్నాడతను. "మంచు లోపలికొస్తోంది."

రెండు చేతులతో లాగాను.