రాణి వేషం, మంచం కింది కంకర

శుక్రవారం పొద్దున బట్టలుతుక్కుని, తలకు నూనె రాసుకుని తొమ్మిది మంది క్యాంపు వెనక రేకుల షెడ్డులో చేరేవారు. వారమంతా గల్ఫ్‌లో, ఫుజైరా కొండల్లో రాయి కొట్టే మనుషులు. ఆ ఒక్క పూట వాళ్ళకి హన్మాండ్లు భాగోతం నేర్పేవాడు. ఊళ్ళో ఇరవై ఏళ్ళు గజ్జె కట్టి, ఎనభై రెండులో ఇక్కడికొచ్చి క్రషర్ దగ్గర పార పట్టినవాడు. వాళ్ళ నాటకానికి ఏ సంఘం అండా లేదు. కథ కూడా ఆయనే కట్టాడు. యుద్ధానికి బయల్దేరిన రాజును రాణి ఆపుతుంది, అంతే కథ. ఈద్ సెలవులకు ఆడాలి.

ఆ క్యాంపులో మనసులో లేని మాట ఎవరు పలికినా అది కంకరై కింద పడేది. చిన్న మాటకు శనగగింజంత, పెద్ద మాటకు పిడికెడంత. పాఠం అయ్యాక షెడ్డు ఊడ్చి తట్టలకెత్తితే ఫోర్‌మన్ ఇమామ్ హుస్సేన్ లారీలో పోయించేవాడు. "మీ భాగోతం కంకర కొండ కంకర కంటే గట్టిదిలే" అని మెచ్చుకునేవాడు కూడా.

మిగతావాళ్ళకి గింజలే రాలేవి. రాణి వేషం రాజలింగానికి మాత్రం తట్టలకు తట్టలు. ఆడవేషానికి అంత నిండైన గొంతు ఇంకొకడికి లేదు. హన్మాండ్లు ఏడుపంతా అదే.

"పోవద్దు రాజా, నువ్వు లేని కోట నాకెందుకు" అని రాజలింగం రాగం తీశాడు. కంకర గలగలమని రాలింది.

"ఆపు! పోయేటోన్ని ఆపుతున్నవారా, బస్సెక్కిస్తున్నవా?"

"ఏడుసుకుంటనే చెప్పిన గద కాకా."

"నీ ఏడుపెవనికి గావాలె? మాట గావాలె. మళ్ల!"

పన్నెండు సార్లు చెప్పించాడు. పన్నెండోసారి రాయి వచ్చి రాజు వేషం ఆశన్న కాలి మీద పడింది. అతను కుంటుకుంటూ పోయి గోడకు ఆనుకున్నాడు. హన్మాండ్లు తాళాలు విసిరికొట్టాడు. నేర్పేవాడి కోపం చెడ్డది. సగం ఎదుటివాడి మీద, సగం తన చేతగానితనం మీద.

సాయంత్రానికి సిగ్గేసింది. చాయ్ గ్లాసు పట్టుకుని రాజలింగం మంచం దగ్గరికి వెళ్ళాడు. అతను టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఇంటికి క్యాసెట్ నింపుతున్నాడు. చదువు రాని ఇళ్ళకి ఉత్తరమంటే అదే. సెలవు మీద పోయేవాళ్ళ చేతికిస్తే ఊరు చేరేది. క్యాసెట్ నింపేవాళ్ళు మంచం కింద దుప్పటి పరుచుకునేవారు, రాళ్ళ చప్పుడు టేపులోకి ఎక్కకుండా. ఒకరి మంచం కిందికి ఇంకొకరు చూసేవారు కాదు. అది క్యాంపు మర్యాద.

"అమ్మా, నేను మంచిగున్న. ఏసీ దుకాణంల పని. తమ్ముడు భోజన్నకు చెప్పు, చెలక భూమి అమ్మి ఏజెంటుకు కట్టుమను. ఈడికొస్తె ఏ తక్లీబు లేదు."

హన్మాండ్లు వంగి చూశాడు. దుప్పటి మీద కంకర మోకాలెత్తు పేరుకుంది.

"భోజన్నను రమ్మంటున్నవా? ఈ కొండలకు?"

"నా ఇంటి ముచ్చట నీకెందుకు కాకా!"

"తమ్మున్ని రమ్మనే నోరు రాజును పోవద్దంటే ఎట్ల నమ్మాలెరా? ఐదు నెల్లు నీతోని గోస పడ్డ!" అని హన్మాండ్లు దుప్పటి పట్టి లాగేశాడు. కుప్ప నేల మీద ధడధడా కూలింది. టేపు తిరుగుతూనే ఉంది.

హన్మాండ్లు విసవిసా వెళ్ళిపోయాడు. రాజలింగం చాలాసేపు చెరిపే బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. తనకూ గురువుకూ జరిగిన మాటలు చెరిపాడు. కూలిన చప్పుడు చెరపలేదు. తాను మోసపోయి ఇక్కడ రాళ్ళు కొడుతున్నానని తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. చప్పుడే చెబితే చెప్పనీ అనుకున్నాడు. మర్నాడు క్యాసెట్ సెలవు మీద పోతున్న మీరా హుస్సేన్ సంచిలో ఊరికి పోయింది.

నలభై రోజులకు జవాబు క్యాసెట్ వచ్చింది. శుక్రవారం షెడ్డులో అందరి ముందూ పెట్టాడు. తల్లి భూమవ్వ గొంతు.

"బిడ్డా, దుకాణంల కంకర సప్పుడెందుకొస్తదిరా? రోడ్డు పనికి పోయి నిన్ను సాదిన. ఆ సప్పుడు నాకెరుక లేదా? చెలక అమ్ముడు బందు వెట్టిన. భోజన్న రెండొద్దులు అన్నం తినలే, అలిగిండు. ఇయ్యాల నాగలి కట్టిండు. నువ్వెప్పుడొస్తవ్?"

టేపు ఆగిపోయింది. రాజలింగం లేచి, ఎవరూ చెప్పకుండానే షెడ్డు మధ్యకు వచ్చాడు. రాగం తీయలేదు, చెయ్యెత్తలేదు. "పోవద్దు రాజా, నువ్వు లేని కోట నాకెందుకు" అన్నాడు.

అందరూ నేల చూశారు. ఏమీ పడలేదు. ఆశన్న రాజు వేషం సంగతి మరిచి అక్కడే కూలబడ్డాడు.

"గిదేరా! ఆర్నెల్ల సంది గీ గొంతే అడుగుతున్న గదరా!" హన్మాండ్లు కోపంగానే అరిచాడు, తుండుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"కాకా, ఈద్‌కు ఆడుత. కాంట్రాక్టు ఖలాస్ గాంగనే ఇంటికి పోత. ఇగ రాను." ఆ మాటకూ నేల శుభ్రంగానే ఉంది.

హన్మాండ్లు తాళాలు అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఆర్నెల్లకు ఒక్క రాణి దొరికితే, వాడూ పోతానంటున్నాడు. మళ్ళీ ఎవణ్ణి పట్టుకోవాలి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

"పోరా బిడ్డా, మంచిగ పో," అన్నాడు. "నాకేం ఫికరు లేదు."

పిడికెడంత రాయి ఒకటి ఆయన పాదాల దగ్గర పడింది.