ఒక తిప్పు ఎక్కువ

ఆ ఇంట్లో కుళాయి ఆమె కట్టేస్తే కట్టేసినట్టు కాదు. వెనకే ఆయన వచ్చి ఇంకో తిప్పు తిప్పితేనే లెక్క. పొయ్యి మీట సంగతీ అంతే, నూనె సీసా మూత సంగతీ అంతే. అంత జాగ్రత్త గల మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతమని చుట్టాలు అంటారు. నిజమే. ఆయన బిగించిన మూతలు తీయడానికి ఇంకో మొగుణ్ణి తెచ్చుకోవాలి, అదొక్కటే ఇబ్బంది.

ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి, మాటలు మాత్రం తనే మాట్లాడే వృత్తి. ఇంట్లో కూడా అదే పద్ధతి.

సముద్రం అడుగుకు దిగే శిక్షణలో చేరాలన్న ముచ్చట ఆయనదే. తీరా చేరాక రాణించింది ఆమె. నింపాదిగా ఊపిరి తీసుకునేది, కంగారన్నది ఎరగదు. పైగా నీళ్ళ కింద ఎవరూ మాట్లాడలేరు. ఆ ఒక్క సుఖం కోసం ఆమె ఎంత లోతుకైనా వెళ్ళడానికి సిద్ధం. నేర్పే ఆవిడను చాటుగా అందరూ సొరచేప అంటారు. ఎవర్నీ మెచ్చుకోని ఆ సొరచేప కూడా ఆమెను చూసి, నువ్వు నీళ్ళ కోసమే పుట్టావమ్మా అంది. ఇక మిగిలింది సముద్రంలో ఆఖరి పరీక్ష. అది గట్టెక్కితే కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాళ్ళు ఎక్కడైనా, తమకు నచ్చిన ఏ జోడీతోనైనా దిగొచ్చు. అంటే మొగుడు కాని మనిషితో కూడా. ఆ కార్డు మీద ఆమె పంచప్రాణాలూ పెట్టుకుంది.

జోడీల మధ్య ప్రేమ లేకపోయినా ఫరవాలేదు, కన్ను ఉండాలి అనేది సొరచేప. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూడాలి. అవతలివాళ్ళు గాలి పీలుస్తుంటే గాలి మీటరులో ముల్లు కదలకూడదు. కదిలిందా, సిలిండరు మర సరిగ్గా తెరుచుకోలేదన్నమాట. అడుగున ఎవరైనా అరచేతిని గొంతుకు అడ్డంగా ఆడిస్తే గాలి అందడం లేదని అర్థం. మారు ఆలోచన లేకుండా తన ఛాతీ మీద అదనంగా ఉండే పసుపు గాలి గొట్టం వాళ్ళ నోటికి ఇవ్వాలి.

పడవ మీద సిలిండర్లు బిగించి, మరలు పూర్తిగా తెరిచి పెట్టే పెద్దాయనను అందరూ బాబాయి అంటారు. పరీక్ష రోజున బాబాయి అటు వెళ్ళాడో లేదో, ఆమె చూస్తుండగానే డాక్టరుగారు తన సిలిండరు మర మీద చెయ్యి వేశారు. ఎటు తిప్పుతున్నదీ చూసుకోలేదు. ఆగేదాకా తిప్పి, మర్యాదకు కాస్త వెనక్కి వదిలారు.

ఆమె మీటరు పట్టుకుని గాలి పీల్చమంది. పీల్చాడు. ముల్లు చటుక్కున కిందికి వాలి మళ్ళీ లేచింది.

"ఒకసారి వెనక్కి తిరగండి, మర చూస్తాను."

"పాలు పొంగకుండా చూడటం చేతకాదు గానీ, నా ఊపిరి చూస్తుందట మా ఆవిడ," అన్నాడు ఆయన, పడవ అంతా వినేలా.

పడవ అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి, అంతా బాగుందని సొరచేపకు గుర్తు చూపించింది.

పైపైన ఉన్నంతసేపు ఆ గాలి సరిపోయింది. లోతుకు దిగేకొద్దీ ఆయన ఊపిరి బరువెక్కింది. ఆమె పక్కనే ఈదుతూ చూస్తోంది. ఒక దశలో ఆయన గిరుక్కున తిరిగి, అరచేతిని గొంతుకు అడ్డంగా ఆడించాడు.

ఆమె తల పక్కకు వాల్చి, అర్థం కాలేదన్నట్టు చెయ్యి ఊపింది.

మళ్ళీ ఆడించాడు. ఆమె తన చెవి చూపించి, చెవి నొప్పా అని సైగ చేసింది. మూడోసారి ఆయన రెండు చేతులూ వాడాడు. అద్దం వెనక ఆ కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆమెను ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ చూపు బాగుంది. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. ఆయన ఆమె భుజాన్ని పట్టుకు పీకాక గానీ పసుపు గొట్టం ఇవ్వలేదు.

సొరచేప ఇద్దర్నీ పైకి చేర్చి, పడవ మీద మర తిప్పి చూసింది. తెరుచుకున్నది వెంట్రుకవాసి. ఎవరు తెరిచారని అడిగింది.

"ఇంకెవరు, బాబాయే," అన్నాడు డాక్టరు దగ్గుతూనే. "వయసు మీద పడింది పాపం. చేతులు వణుకుతున్నాయి, చూడండి."

నిజానికి ఎవరి చేతులూ వణకడం లేదు, డాక్టరువి తప్ప. పూర్తిగానే తెరిచానమ్మా అన్నాడు బాబాయి. సొరచేప ముఖం చూసి, తెరిచాననే అనుకున్నానన్నాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. రేపటినుంచి పడవ ఎక్కొద్దని సొరచేప అందరి ముందూ చెప్పేసింది.

డాక్టరుగారు తువ్వాలు తెచ్చి భార్య ఒళ్ళో పరిచారు. నా ప్రాణదాత అన్నారు. పొగడ్త అన్నది ఆ నోట వినడం ఆమెకు అదే మొదలు. చూసి నేర్చుకోండి, జోడీ అంటే ఇలా ఉండాలి అంటూ సొరచేప కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఇందాక నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. ఆమె కార్డు తడవకుండా తువ్వాలు మడతలో దాచుకుంది.

బాబాయి ఆమె వీపు మీది సిలిండరు విప్పడానికి వచ్చాడు. ఆ పడవ మీద అదే ఆయన ఆఖరి పని. పట్టీ వదులు చేస్తూ, ఎవరికీ కనపడకుండా దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"చల్లగా ఉండు తల్లీ. నువ్వు లేకపోతే ఒక మనిషి నా చేతుల వల్ల పోయేవాడు."

ఆమె లేచింది. తువ్వాలు మడతలోంచి కార్డు తీసి సొరచేపకు అందించింది. ఆవిడ పుచ్చుకోకుండా, ఏమైందమ్మా అంది.

"బాబాయి తెరిచే ఇచ్చారు. మర మూసింది మా ఆయనే."

"దీనికి ఇంకా నీళ్ళ మత్తు దిగలేదు," అని నవ్వబోయాడు డాక్టరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ముల్లు కదలడం నేను చూశాను," అందామె. "చూసి బాగుందన్నాను. కింద ఆయన అడుగుతుంటే అర్థం కానట్టు నటించాను. అంతా అర్థమైంది. తప్పు నాది."