మంచినీళ్ళిచ్చిన మనిషి

ఆ రోజు లక్ష్మీకాంతరావు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందరి వరండాలో పేపరు చదువుతూ లక్ష్మీకాంతరావు, హాల్లో ఫ్యాను కింద టీవీలో ప్రవచనం వింటూ ఆయన భార్య సరళాదేవి, కాలేజీ హాస్టలు నుంచి ముందురోజే వచ్చి మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చున్న మనుమరాలు స్నిగ్ధ, వెనక వాకిట్లో చింతపండుకు గింజలు తీస్తూ పోశవ్వ.

నాలుగు రోజుల కిందట ఇదే ఇంటికి వచ్చిన నవనీత మాత్రం తన ఫారంలో ఐదుగురని రాసుకుపోయింది. ఆ ఐదుగురిలో ముగ్గురు ఊళ్ళోనే ఉండరు. యాభై ఏళ్ళుగా ఈ ఇల్లు దాటని పోశవ్వ అందులో లేదు.

తప్పు నవనీతదే. ఆ పిల్లకు నోరు పెగలదు. ఊరి సర్కారు బడిలో పదేళ్ళు చదివి, ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన పలుకు మూడో బెంచీ దాటక రెండుసార్లు గైర్హాజరు పడింది. అలాంటి పిల్ల చేతిలో ఎకనామిక్స్ చెప్పే వనజ మేడం ముప్పై ఫారాలు పెట్టి, "మీ ఊళ్ళో ముప్పై ఇళ్ళు తిరుగు. ముసలివాళ్ళలో పింఛను ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, ఎందుకు అందడం లేదు, అడిగి రాసుకురా" అంది.

ఫారంలో మొదటి ప్రశ్నతోనే చిక్కు మొదలయింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు? ఆరు నెలలుగా ఆ ఇంట్లో తిని, ఆ ఇంట్లో పడుకుంటున్న వాళ్ళనే రాయాలి. కానీ ఊళ్ళో ఎవరి గడప తొక్కినా ముందు చెప్పేది ఇంట్లో లేనివాళ్ళ పేర్లే. దుబాయిలో ఉన్న కొడుకు, సౌదీలో ఉన్న అల్లుడు. మొట్టమొదటి ఫారం నవనీత తన ఇంట్లోనే నింపింది. మూడేళ్ళుగా మస్కట్‌లో ఉన్న తండ్రి పరశురాములు పేరు రాయకపోయేసరికి, బీడీలు చుడుతున్న తల్లి చాట పక్కకు నెట్టి, "నీ బాపు బతికే ఉన్నడు గదనే?" అంది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

సొంత అవ్వ దగ్గర ఉన్న గట్టితనం లక్ష్మీకాంతరావు ఇంటికి వచ్చేసరికి జారిపోయింది. సరళాదేవి ఐదు పేర్లు చెప్పింది. తామిద్దరు, హైదరాబాదులో వ్యాపారం చేసే కొడుకు వంశీధర్‌రావు, కోడలు, స్నిగ్ధ. నవనీత తల వంచుకుని రాసుకుంది. పోశవ్వ తెచ్చిచ్చిన చెంబెడు నీళ్ళు గటగటా తాగి బయటపడింది.

మర్నాడు వనజ మేడం ఫారాలు తిరగేస్తూ, "అంత పెద్దింటికి కూడా వెళ్ళొచ్చావే! మంచినీళ్ళయినా ఇచ్చారా?" అని నవ్వుతూ అడిగింది.

"ఇచ్చిండ్రు మేడం. పోశవ్వ ఇచ్చింది."

"ఈ ఐదుగురిలో పోశవ్వ ఎవరు?"

ఆ ఇంట్లోనే ఉండే పోశవ్వ పేరు రాయలేదని నవనీత ఒప్పుకుంది. మేడం కోప్పడలేదు. ఆ ఒక్క ఫారం విడిగా తీసి ఆమెకే తిరిగి ఇచ్చింది. "సోమవారం మీ మండలాఫీసుకు వెళ్తున్నాను. పింఛను అందని వాళ్ళ పేర్లు, వేలిముద్రలు ఉన్న కాగితాలు ఇవ్వడానికి. గుర్తింపు కార్డులు లేనివాళ్ళకు కార్డులు ఇప్పించమని కూడా అడుగుతాను. కాగితమే లేని మనిషి గురించి ఏమని అడగను?"

అందుకే ఆదివారం పొద్దున్నే ధర్మపురిలో బస్సు దిగి, ఆటోలో ఊరికి వచ్చి, నవనీత నేరుగా ఈ గేటు తీసింది. ముందు ఇంటికి పోతే ఇక బయటికి కదలలేనని ఆమెకు తెలుసు.

"ఏం పిల్లా, మల్లొచ్చినవ్?" లక్ష్మీకాంతరావు పేపరు దించాడు. "మొన్ననే గదా రాసుకపోయినవ్? గింతల్నే మా ఇంట్ల మంది పెరిగిండ్రా?"

"తప్పు రాసిన దొరా. దిద్దుకపోదామని వచ్చిన."

సరళాదేవి టీవీ గొంతు తగ్గించి గుమ్మం దగ్గరికి వచ్చింది. "పరశురాములు బిడ్డవు గదా నువ్వు? ఏం తప్పు?"

నవనీత కాగితాన్ని పుస్తకానికి అదిమిపెట్టింది. "వంశీధర్‌రావు సారు పేరు, ఆళ్ళింటామె పేరు కొట్టెయ్యాలమ్మా. ఆళ్ళు ఈడ ఉంటలేరు గదా."

"ఉండకుంటే? ఈ ఇల్లు ఎవలిదనుకున్నవ్? నా కొడుకు పేరు కొట్టెయ్యనీకి నువ్వెవతివే?"

"మా బాపు పేరు గూడ రాయలేదమ్మా. మా అవ్వ నాతోని మాట్లాడుతనే లేదు."

మెట్ల మీద స్నిగ్ధ కిసుక్కున నవ్వింది. "నాదీ కొట్టేయ్. నేనుండేది హాస్టల్‌లో. ఫారంలో అట్లుంటే అట్లనే రాయాలి కదా నానమ్మా."

"నువ్వు నోర్మూసుకో. సరే, మేమిద్దరమే ఉంటున్నం. రాసుకొని పో."

"ముగ్గురమ్మా," అంది నవనీత. ఆ మాట తనకే వినిపించలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. "ముగ్గురు. పోశవ్వ గూడ ఉన్నది గదా."

సరళాదేవి ముఖంలో రంగు మారింది. "పోశవ్వతోని నీకేం పనే? ఆమె మా ఇంట్ల మనిషి. నా లగ్గమైనప్పుడు మా తల్లిగారోళ్ళు నా వెంట పంపిన పిల్ల. ఆనాటి సంది ఈడనే తింటది, ఈడనే పంటది. మేం సూస్తలేమా? ఆమెకు పింఛనెందుకు?"

"ఇంట్ల మనిషైతే పేరు రాయాలె గదమ్మా."

లక్ష్మీకాంతరావు ఫక్కున నవ్వాడు. "ఇగో, నీ తాడుతోనే నిన్ను కట్టేసింది పిల్ల!"

ఆ నవ్వుకు సరళాదేవి నిప్పులో ఉప్పు పడ్డట్టు చిటపటలాడింది. "మీకు నవ్వులాటగున్నది. రేపు పోశవ్వ పోయి పింఛన్ల లైన్ల నిలవడితే ఊరోళ్ళు ఏమంటరు? గంత పెద్దింట్ల ఒక్క ముసల్దానికి బువ్వ పెడుతలేరంటరు. మన ఇజ్జత్ ఏం గావాలె?"

నవనీతకు అప్పుడు తెలిసొచ్చింది. పోశవ్వ పేరు మరిచిపోయి వదిలేసింది కాదు. ఎక్కడా పడకుండా ఇన్నేళ్ళూ చూసుకున్నారు.

"ఎందుకీ లొల్లి? ఆమెనే అడుగుదాం," అని లక్ష్మీకాంతరావు కేకేశాడు. పోశవ్వ చింతపండు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది.

"ఏం పోశవ్వా, నీకు పింఛన్ గావాల్నా?"

పోశవ్వ సరళాదేవి ముఖం చూసింది. "నాకెందుకు దొరా? తింటున్న, కట్టుకుంటున్న."

"ఇన్నవా?" అంది సరళాదేవి.

అయినా నవనీత కదలలేదు. కలం మూత తీసింది. "వద్దంటే వద్దనే రాస్తనమ్మా. వద్దన్నోళ్ళ పేర్లు గూడ ఉండాలె. పెద్దవ్వా, మీ ఇంటిపేరేంది?"

"మా ఇంటిపేరే రాస్తవా ఏంది?" అని సరళాదేవి ఎకసెక్కమాడింది.

"దుర్గమోళ్ళం," అంది పోశవ్వ. "దుర్గం పోశవ్వ. ఆసిఫాబాద్ అవుతల మా ఊరు."

సరళాదేవి తిరిగి చూసింది. "నాకెన్నడు చెప్పలే?"

"మీరెన్నడు అడుగలే దొర్సాని."

నవనీత గబగబా రాసుకుంది. వయసు అడిగితే దొర్సాని కంటే రెండేళ్ళు చిన్న అంది. సరళాదేవికి డెబ్బయి. అరవై ఎనిమిది. తర్వాతి గడి చదివింది. "ఇంటి పెద్దకు ఏమవుతారు?"

ఇందాక ఇంట్ల మనిషన్న సరళాదేవి గోడ వైపు చూస్తూ, "పనిమనిషని రాసుకో," అంది.

"గట్ల రాస్తే కింద ఇంకోటి అడగాలమ్మా. ఎన్నేండ్ల సంది పని చేస్తున్నది, జీతమెంత అని."

"సాలు!" సరళాదేవి చెయ్యి గేటు వైపు చూపించింది. "ఆడపిల్లవని ఇంతసేపు ఊకున్న. నాలుగచ్చరాలు రాంగనే నెత్తికెక్కుతున్నవా? నడువ్. మీ అవ్వకే చెప్త నీ సంగతి. పోశవ్వా, లోపలికి పో!"

లక్ష్మీకాంతరావు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. స్నిగ్ధ నానమ్మను చూసి మళ్ళీ ఫోనులోకి తల దించుకుంది.

నవనీత గేటు దాటింది. ఈ కబురు మధ్యాహ్నానికల్లా అవ్వకు చేరుతుంది. చేరనీ. కాగితం మీద పేరు పడింది, వయసు పడింది. వేలిముద్ర లేదు. అది లేకుండా మేడంకు ఆ కాగితం ఆఫీసులో ఇచ్చే వీలుండదు. పైగా పోశవ్వ వద్దంది. ఎవరి ముఖం చూసి వద్దంది?

ఇంటి వైపు పది అడుగులు వేసినదల్లా ఆగిపోయింది. తనే మళ్ళీ తప్పు చేసింది. అడగకూడని చోట అడిగింది. వెనక్కి తిరిగి, ప్రహరీ గోడ వెంబడి సందులోకి నడిచింది. మురుగునీటి మోరీ పక్కనుంచి వెళ్తే పెరటి తలుపు వస్తుంది. రెండుసార్లు తట్టింది.

తలుపు జానెడు తెరుచుకుంది. "నువ్వింక పోలేదా బిడ్డా?"

"పెద్దవ్వా, ఆళ్ళ ముందట నిన్ను అడుగుడు నాదే తప్పు. ఇప్పుడు అడుగుతున్న. నీకు గావాల్నా, వద్దా? వద్దంటే ఇట్లనే మల్లిపోత."

పోశవ్వ ఒకసారి ఇంటి వైపు చూసి గొంతు తగ్గించింది. "వస్తే ఎవలి చేతికిస్తరు? దొర చేతికా?"

"నీ చేతికే. నీ వేలు వెడితెనే ఇస్తరు. వేరెవలు పోయినా ఇయ్యరు."

"నా వేలే గావాల్నా!" పోశవ్వ తన చేతిని తిప్పి చూసుకుంది.

నవనీతకు ఇంకా చెప్పాల్సింది ఉంది. చెప్పకపోతే పని సులువవుతుంది. చెప్పింది. "గని పెద్దవ్వా, వేలు వెట్టంగనే పింఛన్ రాదు. ముందుగాల కార్డు గావాలె. నెలలు పట్టచ్చు. వస్తదో రాదో గూడ నేను చెప్పలేను. ఆఫీసోళ్ళు ఇంటికొచ్చి అడుగుతరు. దొర్సానికి తెలుస్తది. ఈ ఇంట్ల నీకు పరేషాన్ అయితది."

"ఏమైతది? బువ్వ పెట్టదా?" పోశవ్వ బోసినోటితో నవ్వింది. "ఈ ఇంట్ల బువ్వ వండేది ఎవలు? నేను వండకుంటే ఆమెకే లేదు." నవ్వు ఆపి, తలుపు చెక్కను గోటితో గీకింది. "ఆసిఫాబాద్ దిక్కు మా చెల్లె ఉన్నది బిడ్డా. కిష్టవ్వ. ఒక్కసారి పోయి రావాల్నని ఉన్నది. ఆడోళ్ళకు బస్సుల టికెట్ లేదంటరు గని, దానికి గూడ కార్డు అడుగుతరట గదా? పోయినా ఉత్త చేతులతోని చెల్లె ఇంటికెట్ల పోతం? పిల్లలకు ఏమన్న కొనుక్కపోవాలె."

"మరి వేలు వెడతవా?"

"దా, తొందరగ."

నవనీత ఇంకు డబ్బా తెరిచింది. మొదటి ముద్ర చింతపండు జిగటకు అలుక్కుపోయింది. పోశవ్వ వేలు నాకి, చీర అంచుకు గట్టిగా రుద్దుకుని మళ్ళీ వేసింది. ఈసారి గీతలు స్పష్టంగా పడ్డాయి. యాభై ఏళ్ళు గిన్నెలు తోమిన వేలికి ఇంకా ఇన్ని గీతలు మిగిలాయా అని నవనీత ఒక్క క్షణం చూస్తుండిపోయింది.

"ఇంకో వేలు గావాల్నా?"

"సాలు పెద్దవ్వా."

"పోశవ్వా!" సరళాదేవి గొంతు వాకిట్లోకి వచ్చేసింది. "ఎవలతోనే మాట్లాడుతున్నవ్?"

"కుక్కొచ్చింది దొర్సాని, ఎల్లగొడుతున్న!" పోశవ్వ వెనక్కి తిరిగి అరిచింది. ఇటు తిరిగి, "కాగితం సంచిల వెట్టు. ముందర దిక్కు పోకు," అని గొణిగింది. నవనీత ఇంకా ఇంకు డబ్బా మూత కోసం వెతుక్కుంటూనే ఉంది. పోశవ్వ రెండు చేతులతో తలుపు పట్టుకుని, "థూ! పో, పో!" అంటూ ఇల్లంతా వినపడేలా ఆమె ముఖం మీదే ధడాలున మూసింది.