అబల అన్నది ఎవరు?

నిఘంటువు ఆఫీసులో 'అ'తో మొదలయ్యే మాటలన్నీ ఆవిడే చూసేది కాబట్టి అందరూ అకారమ్మ అనేవారు. ఆవిడ రాసిన 'అబల' చూసి ఆ రోజు పెద్ద సంపాదకుడికి చిర్రెత్తుకొచ్చింది.

"అబల అంటే స్త్రీ. ఒక్క మాటతో పోయేదానికి ఇంత సాగదీతేంటమ్మా?"

"ఆ ఒక్క మాట నేను రాయను సార్."

"అయితే రేపట్నుంచి 'అ' ఇంకొకళ్ళు చూస్తారు. జనం ఎలా వాడారో చెప్పాలిగానీ, నీ కడుపుమంట కాదు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఆవిడకు మరీ ఒళ్ళు మండింది. తన నాన్న చనిపోయిన ఏడాదే, అమ్మ నడుపుతున్న కుట్టుకొట్టును పెదనాన్న లాక్కున్నాడు. "పాపం, అబల. ఏం నడుపుతుందిలే" అన్నాడు. ఆ తర్వాత అదే కొట్టులో, అదే మిషను మీద అమ్మ కూలికి కుట్టింది. బలవంతుడైన పెదనాన్న గల్లాపెట్టె దగ్గర కునుకు తీసేవాడు.

ఆఫీసులో పెద్ద సంపాదకుడే పెట్టిన కట్టుబాటు ఒకటుంది. రాసిన అర్థాన్ని అందరి ముందూ చదవాలి. కాదన్నవాళ్ళు అప్పటికప్పుడు అంతకంటే సరైనది చెప్పాలి, చెప్పలేకపోతే సంతకం పెట్టాలి. అకారమ్మ లేచి నిలబడి గొంతెత్తి చదివింది.

"అబల: అ, బల. 'బలం లేనిది' అని విడదీస్తే వచ్చే అర్థం. స్త్రీకి పురుషులు పెట్టిన పేరు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళజోళ్ళు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

"ఇందులో అబద్ధం ఏదో చూపించండి సార్. సమాసం విడదీస్తే అదే కదా? కావ్యాల్లో ఆడదాన్నే కదా అలా పిలిచింది?"

"నేను చెప్తా రాసుకో," అన్నాడు పెద్దాయన. "అబల: బలం లేనిది, స్త్రీ."

"లేదని ఎవరన్నారు సార్?"

పెద్దాయన దిగివచ్చాడు. "సరే, 'పురుషులు' అన్నది తీసెయ్. సంతకం పెడతా."

"తీయను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. కొట్టు పోయినప్పుడు మా అమ్మ నోరెత్తలేదు. నేను ఎత్తుతాను."

ఆవిడ కాగితం వదల్లేదు. పెట్టిన కట్టుబాటు తనదే కాబట్టి పెద్దాయన పళ్ళు కొరుకుతూ సంతకం గీకాడు. ఊరుకోలేక పక్కనే 'నాకు ఇష్టం లేదు' అని కూడా రాశాడు.

అకారమ్మ అది చదివి తలూపింది.

"ఇది కూడా అచ్చు వేయిస్తాను సార్. కాదన్నది ఎవరో కూడా జనానికి తెలియాలిగా."