బరువైన జంట

నేను ఒక జంటను. స్టాండు మీద ఒకదానికొకటి ఎదురుగా నిలిచే రెండు కంచు పళ్లేలం. డ్రమ్స్ వాయించేవాళ్లు మమ్మల్ని హై-హ్యాట్ అంటారు. ఎడమ కాలితో పెడల్ తొక్కితే పై పళ్లెం దిగి కింది పళ్లేన్ని కొడుతుంది. ఇద్దరం ఉన్నా పలికేది ఒక్క మాటే కాబట్టి ‘నేను’ అంటాను.

నన్ను పోసినవాడు కంచు విషయంలో పిసినారితనం చూపలేదు. సన్నని పళ్లేలు గుసగుసలాడతాయి. నేను ‘ఛిక్’ అని మాట తెంపేస్తాను. పుల్లతో మెల్లగా తడితే పలకను. గట్టిగా కొడితే పక్కవాళ్లు చెవులు మూసుకుంటారు. తెనాలిలో నా మొదటి యజమాని పెళ్లి ఊరేగింపులో నన్ను వాయించాడు. గుర్రం బెదిరింది. పెళ్లికొడుకు గుర్రం దిగేకంటే ముందే నేను వాద్యాల బండి దిగిపోవలసి వచ్చింది.

తర్వాత ఏలూరులో ఒక పాత సామాన్ల కొట్లో, డ్రమ్స్ వాయించే కెజియా నన్ను చూసింది. పుల్ల తియ్యలేదు. చెప్పు విడిచి, పెడల్ మీద పాదం పెట్టి నాలుగుసార్లు తొక్కింది. నా దెబ్బ కడ్డీలోంచి దిగి ఆమె అరికాలికి తగిలింది. “ఇవే కావాలండీ,” అంది.

ఎందుకో ఇంటికెళ్లాక తెలిసింది. రెండేళ్ల కిందటి జ్వరం ఆమె చెవుల్లోంచి సన్నటి శబ్దాలన్నీ ఎత్తుకుపోయింది. నేను ఆమెకు వినపడను, తగులుతాను. సంగతి బయటపడి ఇప్పటికే రెండు ఆర్కెస్ట్రాలు ఆమెను పంపేశాయి. ఊళ్లో మిగిలింది ఒక్కటే, మార్కండేయులు మాస్టారిది. ఇక్కడా తెలిస్తే ఆమె వాయించడానికి చోటే ఉండదు.

మర్నాడు పొద్దున్న పది గంటలకు మాస్టారి దగ్గర పరీక్ష.

“ఏంటమ్మాయ్, అన్నం పళ్లేలు పట్టుకొచ్చేవా?” అన్నారు మాస్టారు నన్ను చూసి. “తొందరగా బిగించు, అవతల హాలు వాళ్లు తరుముతున్నారు.”

ఆ తొందరలో ఆమె ఒక్కటి మరిచిపోయింది. నా కింది పళ్లేన్ని కాస్త వాల్చి ఉంచే చిన్న స్క్రూ ఉంటుంది. ఆటో కుదుపులకి అది వదులైంది.

పల్లవి దడదడలాడించింది. పుల్ల దెబ్బలకి నేను బాగానే పలికాను. చరణంలో, పాట ప్రకారమే, డ్రమ్స్ ఆగాయి. ఇక తాళం నిలబెట్టాల్సింది కాలు, నేను.

ఆమె తొక్కింది. రెండు పళ్లేలూ సమంగా మూసుకున్నాయి. మధ్యలో గాలి చిక్కుకుంది. ‘ఛిక్’ లేదు. ‘ఫుస్’ అంది, అంతే.

మళ్లీ తొక్కింది. ఫుస్.

అరికాలికి మాత్రం దెబ్బ ఎప్పటిలాగే తగులుతోంది. ఆమె ధీమాగా తొక్కుతూనే ఉంది. గాయని వెనక్కి తిరిగి చూసింది. మాస్టారి కనుబొమలు ముడిపడ్డాయి. అరిచి చెప్పాలనుంది. కొట్టనిదే పలకని జాతి మాది! ఐదు. ఆరు. ఏడు.

బేస్ గిటార్ వాయించే దానియేలు తాళానికి మోకాలు ఊపుతున్నాడు. ఆ మోకాలు తడబడింది. ఆగింది. గాలిలో వెతుక్కుంది.

కెజియా కళ్లు దాని మీద పడ్డాయి. చప్పున వంగి, కాలు ఆపకుండానే స్క్రూ తిప్పింది. ఛిక్! మోకాలు మళ్లీ కదిలింది.

“ఆపండి,” అన్నారు మాస్టారు. “ఎనిమిది దెబ్బలు మింగేసేవు.”

“స్క్రూ జారిందండీ.”

“జారుద్ది. మొదటి దెబ్బకే ఎందుకు చూసుకోలేదని అడుగుతున్నా.”

అబద్ధానికి ఇంకా చోటుంది. ఆమె పాదం పెడల్ మీద బిగుసుకుంది.

“వినపళ్లేదు మాస్టారూ. జ్వరం వచ్చిన కాణ్ణించీ సన్నటివేవీ వినపడవు నాకు.”

“మరెలా తెలిసింది?”

“దానియేలు గారి మోకాలు ఆగిపోయిందండీ.”

“నా మోకాలా!” దానియేలు గబుక్కున దాన్ని చేత్తో కప్పుకున్నాడు.

మాస్టారు దానియేలు వైపు తిరిగారు. “దానియేలూ, నీ కుర్చీ ఇటు తిప్పు. ఆ స్టాండు అడ్డం తియ్యి. అమ్మాయికి మోకాలు కనపడాలి.”

“రేపట్నించి ఇస్త్రీ ప్యాంటేసుకు రమ్మంటారా?”

“నోరు మూసుకుని వాయించు. అమ్మాయ్, నాలుగు కొట్టు.”

ఆమె పాదం నా పెడల్ మీద ఆనింది. వణుకుతోంది. సన్నని పళ్లేలైతే గలగలమని ఆ వణుకును హాలంతా చాటేవి. నేను కదలలేదు. పుట్టిన ఇన్నాళ్లకి, ఇంత బరువున్నందుకు సంతోషించాను.