లీదియా చదివి వినిపించిన కాగితం

సైరన్ మోగి పావుగంట దాటినా గేటు తీయలేదు. పోర్ట్‌బ్లెయిర్ జెట్టీ పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీ ముందు నలభై మంది ఆడవాళ్ళు తలలకి గుడ్డలు చుట్టుకుని, చీరలు ఎగదోపుకుని నిలబడి ఉన్నారు. తెల్లవారగానే వచ్చి చల్లని నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచేది వాళ్ళే. మేనేజరు చెప్పమన్న ముక్కని కాపలావాడు ఊచల వెనకనుంచి వప్పజెప్పాడు: "రాజీనామా మంజూర్ హో గయా." గేటు ఎందుకు తీయకూడదో వాడికీ తెలియదు పాపం.

"మంజూరయితే మరేటి భయ్యా, గేటు తియ్యి," అంది కాళమ్మ. అందరూ గొల్లున నవ్వారు.

పైన ఆఫీసు కిటికీలో ఉన్న లీదియాకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఆమె తనని తాను చాలాకాలం క్షమించుకోలేదు.

లీదియా ఎవరో చెప్పాలి. జెట్టీ పక్క తెలుగు బస్తీలో మొట్టమొదట బి.ఏ. పాసయిన పిల్ల. తండ్రి యిర్మియా వడ్రంగి. కూతురికి ఫ్యాక్టరీలో పర్సనెల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చిందని ఆదివారం చర్చిలో నిలబడి స్తోత్రం చెప్పాడు, చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. అది 1973. ఉద్యోగంలో చేరి సరిగ్గా మూడు వారాలు. కూలీల మంచిచెడ్డలు చూడటమే నీ పని అన్నాడు మేనేజరు. పిచ్చిపిల్ల నమ్మింది! కుర్చీ ఇచ్చినవాడి మాట నమ్మకుండా ఉండటం మన చదువుల్లో ఎవరు నేర్పారు గనక?

మొన్న గురువారంనాడు మేనేజరు ఆమె బల్లమీద ఒక కాగితాల కట్ట పెట్టాడు. విశాఖపట్నం నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన కాగితాలు. ఇది రాజీనామా, ఆడవాళ్ళని పక్కా చెయ్యడానికి, చదివి వినిపించి వేలిముద్రలు తీసుకో అని హిందీలో చెప్పాడు. పర్మనెంటు అవటమంటే ఆ ఆడవాళ్ళకి మాటలా? పురిటికి వెళితే పని పోదు, జ్వరమొస్తే పని పోదు, కంపెనీ లైన్లలో ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఏడేళ్ళుగా అడుగుతున్న సంగతది.

లీదియా చదువంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేర్పింది బైబిలు, పాటల పుస్తకం. కూడబలుక్కుని చదివింది: "నా ఇష్టపూర్వకముగా ఈ రాజీనామా సమర్పించుచున్నాను. కంపెనీవారితో నాకెట్టి తగవును లేదు." రాజీనామా అంటే దీవుల్లో అందరికీ తెలిసిన హిందీ మాటే. ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే ఒడంబడిక. తగవు లేదని కూడా రాసి ఉంది. ఇంకేం కావాలి? పేరు పేరునా పిలిచి, ఒక్కొక్క బొటనవేలూ తన చేత్తోనే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. వాళ్ళందరిలోకీ పెద్దదైన తవిటమ్మ సంతోషంకొద్దీ మర్నాడు ఆమె ఇంటికి పచ్చి చేప తెచ్చిచ్చింది.

ఇప్పుడు గేటు ముందు లారీ వచ్చి ఆగింది. విశాఖ ఓడ దిగిన పాతిక మంది అందులోంచి దిగారు. వాళ్ళని తెచ్చినవాడు గవరయ్య, మేనేజరు కొత్తగా కుదుర్చుకున్న కంట్రాక్టరు. లోపలికి నడవండి, పని చేసేవాళ్ళు పని మానేసి పోయారని వాళ్ళని తోస్తున్నాడు. పాతవాళ్ళు అడ్డం నిలబడ్డారు. మేం మానడమేమిటి, మొన్ననే రాజీనామా ఇచ్చి పక్కా అయ్యాం అన్నారు.

ఓడ దిగినవాళ్ళలో సీతాలు అనే మనిషి అడుగు ముందుకెయ్యకుండా నిలబడిపోయింది.

"రాజీనామా అంటే పని మానేసినట్టు కాదేటమ్మా? మా ఊల్లో పెసిడెంటు రాజీనామా ఇచ్చీసినాడు. ఇచ్చీసి ఇంటికెల్లిపోనాడు."

నలభై ముఖాలూ కిటికీ వైపు తిరిగాయి.

లీదియా పరుగున మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆ కాగితంలో ఉన్నది ఏ రాజీనామా అని అడిగింది. అతను తల ఎత్తలేదు. తెలుగమ్మాయివి, నీ భాష నీకు రాకపోతే తప్పు కంపెనీదా అన్నాడు. కాగితాలమీద 'చదివి అర్థం చెప్పాను' అని సంతకం పెట్టు, నీ ఉద్యోగం ఈవేళే పర్మనెంటు, లేకపోతే బయట నలభై మందితో నలభై ఒకటోదానివి అన్నాడు. చూశారా, తెలుగు తెలిసిన గుమాస్తాలు విశాఖలో ఎంతమంది లేరు? ఈ పిల్లనే ఎందుకు కుర్చీలో కూర్చోబెట్టాడో అప్పటిగ్గాని ఆమెకి తెలిసిరాలేదు. తమ పిల్ల చదివితే నమ్ముతారని! ఆమె చదువుని వలగా వాడాడు.

తండ్రి గుర్తొచ్చాడు. చర్చిలో ఆయన ఏడుపు గుర్తొచ్చింది. భయం వేసింది, చాలా భయం. సంతకం పెట్టకుండానే కట్ట తీసుకుని మెట్లు దిగి గేటు బయటికి వచ్చేసింది.

ఆమె అనుకున్నంత సులువుగా లేదు. కాళమ్మ రవిక పట్టుకుని లాగినంత పని చేసింది. "నా ఏలు నువ్వే అట్టుకుని నొక్కించినావు. నానేటి సదువుకున్నానా? నువ్వు సదువుకున్నావు!"

నాకూ తెలీలేదు అంది లీదియా, అది చాలదని ఆమెకే తెలుసు. కొందరు తిట్టారు, కొందరు కూర్చుని ఏడ్చారు, మేనేజరు కాళ్ళు పట్టుకుందాం పదండి అన్నారు మరికొందరు. అప్పుడు తవిటమ్మ కల్పించుకుంది.

"గుంటని పీక్కు తినీకండి. దానికొచ్చిన ఇందీయే మనకీ వొచ్చు. మన నోట్లో మాటతోనే ఆడు మనల్ని కొట్టినాడు. ఇప్పుడేటి సేద్దామో అది సెప్పండి."

చేసిందిది. ఎవరి కాగితం వాళ్ళకి పంచింది లీదియా. వాళ్ళు బొడ్లో దోపుకున్నారు. గేటు ముందే కూర్చున్నారు. ఓడ దిగినవాళ్ళని గవరయ్య బెదిరించాడు, తిరిగి వెళ్ళడానికి ఓడ ఎక్కించనన్నాడు. వాళ్ళు బెదిరారు కూడా. కానీ సీతాలు వెళ్ళి తవిటమ్మ పక్కన చతికిలబడింది, ఆమె వెనక ఒక్కొక్కరే. మొదటి పూట గంజి యిర్మియా వండించి తెచ్చాడు. కూతుర్ని ఒక్క మాట అనకుండా, అందరితోపాటు ఆమెకీ గంజి పోశాడు. రెండు రోజులు రొయ్యల పడవలు వచ్చి, ఒలిచే దిక్కులేక నిలబడ్డాయి.

మూడో రోజు మేనేజరు పోలీసు వ్యానుతో దిగాడు. ముఖం మెత్తబడింది. ఇరవై మందిని పక్కా చేస్తాడట, మిగతా ఇరవై గవరయ్య కింద పనిచెయ్యాలట, లీదియా తన కుర్చీలో తాను కూర్చోవచ్చట. చేతులు చాచి, ఒడంబడిక చేసుకుందామంటూ అలవాటు కొద్దీ హిందీలో అనేశాడు: "బస్, ఏక్ రాజీనామా కర్ లేతే హై."

తవిటమ్మ లేచి చీర దులుపుకుంది.

"ఏ రాజీనామా సాబ్? ఇందీదా, తెలుగుదా?"

మేనేజరు లీదియా వైపు చూశాడు, తర్జుమా చెయ్యమని. అది ఆ ఉద్యోగంలో ఆమె చేసిన ఆఖరి పని. తవిటమ్మ మాట హిందీలో చెప్పి, తన జవాబు రెండు భాషల్లోనూ చెప్పింది.

"ఏ భాషలోనూ ఇవ్వం."

ఆ మాటని సీతాలు అందుకుంది. తరవాత కాళమ్మ, తరవాత అందరూ.

కంపెనీ కాగితాలు దొంగిలించిందని లీదియా మీద కేసు. పోలీసాయన ఆమెని వ్యాను ఎక్కమని, కట్ట ఎక్కడ దాచావని అడిగాడు. ఆమె చెప్పలేదు. వ్యాను మెట్టు మీద కాలు పెడుతుంటే వెనకనుంచి ఎవరో ఆమె భుజం పక్కకి జరిపి ముందు ఎక్కారు. కాళమ్మ. బొడ్లోంచి నలిగిన కాగితం తీసి, నల్లగా పడిన వేలిముద్ర పోలీసాయనకి చూపించింది.

"నాది నా దగ్గరే ఉంది. నా పేరు కూడా రాస్కో."

ఆమె వెనక ముప్ఫై తొమ్మిది మంది బొడ్లలో చేతులు పెట్టారు.