తాళం వేసిన తలుపుకు బొట్టు

మా ఇంటికీ మా మరిది రమాకాంత్ ఇంటికీ మధ్య గోడ కట్టినప్పుడు అన్నదమ్ములిద్దరూ చెంబూ తపేలాతో సహా అన్నీ పంచుకున్నారు గానీ వైఫైని మరిచిపోయారు. కనెక్షన్ మా ఆయన ఓంప్రకాశ్ పేరు మీద ఉంది, డబ్బా మా ముందుగదిలో ఉంది. గోడకు సిమెంటు పూసినవాళ్లు సిగ్నల్‌కు పూయలేరు కదా, అది అటు పోతూనే ఉండేది.

ఇద్దరి మధ్య మాటలు మాత్రం పోయేవి కావు. మా మామ కూర్చుని జంపఖానాలు నేసిన మగ్గాన్ని రమాకాంత్ ఒక్క మాటైనా చెప్పకుండా విప్పి అమ్మేశాడు. మా కొత్తవాడలో ఇంకా మగ్గం వదలనివాళ్లలో మా ఆయన ఒకడు. ఆ కోపం కడుపులో అట్లాగే ఉండిపోయింది. తమ్ముడు ఎదురుపడితే తల తిప్పుకునేవాడు.

అయితే మా నెట్‌కు ఒక జబ్బు ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఆగిపోయేది. అప్పుడు గోడ అవతల నుంచి మరిది కేక వినబడేది.

"వదినా, జర డబ్బా బంద్ చేసి పెట్టవా?"

పిలిచేది నన్నే అయినా లేచేది మా ఆయన. మగ్గం దిగివచ్చి, స్విచ్ ఆర్పి మళ్లీ వేసి, గోడకు వినబడేటట్టు నాతో అనేవాడు.

"పెట్టిన అని చెప్పు."

నేను నోరు తెరిచే లోపలే అటు నుంచి జవాబు వచ్చేది. "వచ్చింది వదినా, వచ్చిందని చెప్పు." ఎవరికి చెప్పమంటున్నాడో ముగ్గురికీ తెలుసు. ఒక్కోసారి "ఇయ్యాల మగ్గం సప్పుడు లేదేంది వదినా, పానం బాగలేదా?" అని కూడా అడిగేవాడు. "నాకేం కాలేదని చెప్పు" అని ఈయన. మీసాలు నెరిసిన ఇద్దరు మనుషుల మధ్య నేనొక సెల్ టవర్‌నన్నమాట. నవ్వొచ్చేది. అయినా ఆ నెట్ రోజూ పోవాలనే కోరుకునేదాన్ని. ఆ కేక ఉన్నన్నాళ్లు వీళ్లు ఎప్పటికైనా కలుస్తారని నా ఆశ.

అంతలో రమాకాంత్ బిడ్డ అక్షితకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. తేదీ ఖాయమైందని గోడ మీదుగా తెలిసిన రోజే మా ఆయన మగ్గం మీద ఒక చిన్న జంపఖానా మొదలుపెట్టాడు. ఎర్ర అంచు, మధ్యలో నెమళ్లు. "ఎవరికయ్యా?" అంటే "ఆర్డరు" అన్నాడు. పిల్లను కూర్చోబెట్టే పీట అంతే ఉంది ఆ ఆర్డరు.

తర్వాత ఫంక్షన్ కార్డు మా ఆయన ఫోన్‌కు వాట్సాప్‌లో వచ్చింది. మా దగ్గర సొంతవాళ్లను ఇంటికొచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. లేకపోతే అది పిలుపు కాదు.

"గోడ దాటి రానీకి కాళ్లు నొస్తున్నయా ఆనికి?" అని మా ఆయన ఇంటి కప్పు లేచిపోయేటట్టు అరిచాడు. "నా నెట్ మీద ఎక్కి నాకే కార్డు పంపిండా?"

"అందరికి పంపినట్టు పంపిండ్రు. బొట్టు పెట్టనీకి వస్తరు, జర ఆగు" అన్నాను.

ఆగితే ఆయన మా ఆయనెట్లా అవుతాడు? అప్పటికప్పుడు కనెక్షన్ తీసేయమని కంపెనీకి ఫోన్ చేశాడు. ఏడాది ప్లాన్ సార్, సగం కూడా కాలేదు, మధ్యలో మానేస్తే ఫీజు కట్టాలి అంది అక్కడి అమ్మాయి. కోపమొస్తే దానికి కూడా ఫీజా అని ఎగిరాడు. ఆ అమ్మాయికి ఓపిక ఎక్కువ. మీరు ఇల్లు మారితే, మారిన చోట మా లైన్ లేకపోతే ఫీజు ఉండదు, మా మనిషి వచ్చి ఇల్లు ఖాళీ అయిందని చూసి వైరు విప్పుకుపోతాడు అని చెప్పింది.

నర్సంపేట అవతల మా అమ్మగారి ఊరు మా ఆయనకు ఏనాడూ అంత ప్రేమగా గుర్తురాలేదు. పండక్కి బతిమాలినా రానివాడు, ఫోన్‌లో ఆ ఊరికి కాపురమే మార్చేశాడు. మర్నాడు డబ్బా పీకి హనుమకొండ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

"ఆ కేక గూడ లేకుంటె మీ ఇద్దరికి ఇంకేం మిగుల్తది?" అని అడిగాను.

"ఏం మిగలొద్దు."

ఆ సాయంత్రం ఎప్పటిలాగే గోడ అవతల నుంచి "వదినా, డబ్బా..." అని వినబడింది. మా ఆయన నా మొహంలోకి చూస్తూ వేలు నోటి మీద పెట్టుకున్నాడు. మరిది ఇంకోసారి పిలిచాడు. నేను పలకలేదు. ఆ తర్వాత అతను పిలవలేదు.

కంపెనీ మనిషి వస్తానన్న రోజు మా ఆయన ముందు తలుపుకు బయట తాళం వేసి, వెనక గల్లీలోంచి ఇంట్లోకి వచ్చాడు. ఇద్దరం కిటికీ రెక్క సందులోంచి చూస్తూ కూర్చున్నాం. సొంతింట్లో దొంగల్లాగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

నిచ్చెన భుజాన వేసుకుని ఆ మనిషి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి గేటు చప్పుడైంది. నా తోడికోడలు రమ పట్టుచీర కట్టుకుని, చేతిలో కుంకుమ భరిణెతో మా ఇంటివైపు వస్తోంది. వెనక రమాకాంత్, ఇస్త్రీ అంగీలో. గోడ కట్టిన తర్వాత అతను మా గడప దగ్గరికి రావడం అదే మొదలు.

"ఈ ఇంటోళ్లు ఖాళీ చేసిండ్రా అన్నా?" అని వైరు మనిషి అడిగాడు. "లైన్ లేని ఊరికి పోతున్నమన్నరట. ఖాళీ చెయ్యకుంటె వాళ్లకు ఫీజు పడ్తది."

రమ బిత్తరపోయి మొగుడి వంక చూసింది. రమాకాంత్ తాళం చూశాడు. తర్వాత మెట్టు చూశాడు. మెట్టు మీద నా చెప్పులు ఉన్నాయి, తొందరలో తీయడం మరిచిపోయాను. అతను మెల్లగా అడుగు ముందుకేసి, ఆ చెప్పులను కాలితో నీళ్ల డ్రమ్ము వెనక్కి నెట్టేశాడు.

"ఆఁ, ఖాళీ చేసి పోయిండ్రు" అన్నాడు.

"మీరు వాళ్ల చుట్టాలా?"

రమాకాంత్ ఇంకోసారి తాళం వైపు చూశాడు.

"కాదు. పక్కింటోళ్లం."

వైరు మనిషి తృప్తిగా నిచ్చెన ఎక్కాడు.

"చెప్పకుంటనే పోయిండ్రా?" అంది రమ. "అక్కకు ఫోన్ చేస్త."

"వద్దు. బస్సుల ఉంటరు" అన్నాడు రమాకాంత్.

రమ అట్లాగే నిలబడింది. తర్వాత కుంకుమలో వేలు ముంచి మా తలుపుకు బొట్టు పెట్టింది. "అక్కా, బావా, మా బిడ్డ ఫంక్షన్‌కు మీరు తప్పకుంట రావాలె" అని తలుపుతో చెప్పింది. నేను లేవబోయాను. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. స్తంభం మీద ఆ మనిషి ఇంకా వైరు చుట్టుకుంటూనే ఉన్నాడు. అతను దిగిపోయేసరికి రమా, రమాకాంత్ వాళ్లింట్లోకి వెళ్లిపోయారు.

"పక్కింటోళ్లమన్నడు" అన్నాడు మా ఆయన.

"నిన్ను కాపాడనీకే అన్నడు. ఇప్పుడే పోదాం పా, నా చెప్పులు చూసిండు, మనం ఉన్నమని ఆనికి తెలుసు."

"తెలుసు కాబట్టే, ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అని మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు.

ఫంక్షన్ రోజు మాత్రం నేను అడగకుండానే స్నానం చేసి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. జంపఖానా మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గడప దాటబోతుంటే నా ఫోన్ మోగింది. మా ఆయన మేనత్త సోమక్క, ఫంక్షన్ నుంచే.

"ఏమే వినోదా, ఊరికి పోయిండ్రట గదా? అన్నకు అర్జెంటు పని వడ్డది, లేకుంటె నా బిడ్డ ఫంక్షన్‌కు రాకుంట ఉంటడా అని రమాకాంత్ అడిగినోళ్లకల్ల చెప్తాండు."

ఫోన్‌లోనూ బ్యాండు, గోడ మీదుగానూ అదే బ్యాండు. మేం ఇంట్లోనే ఉన్నామని ఆమెకు తెలిసిపోతుందేమోనని కిటికీ మూసేశాను. ఇప్పుడు మేం వెళ్తే బంధువులందరి ముందూ తమ్ముడు అబద్ధాలకోరవుతాడు. అన్న పరువు కోసం ఆడిన అబద్ధం అది. మా ఆయన జంపఖానాను మంచం మీద పెట్టి, చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు.

మాకు ఫీజు లేదని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. నాకు ఆ ఫోన్ విసిరికొట్టాలనిపించింది. కొద్ది రోజులకే రమాకాంత్ ఇంటికి వేరే కంపెనీ వైరు వచ్చింది. మంచి కంపెనీ కాబోలు, సాయంత్రం కూడా ఆగిపోదు. ఆ వేళకు మా ఆయన చేతులు ఆపేసి గోడవైపు చెవి పెడతాడు. తలుపు మీది బొట్టును నేను తుడవలేదు. వెలిసిపోతోంది.

నిన్న సాయంత్రం ఆయన మగ్గం దిగి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, అవతలికి వినబడేటట్టు అన్నాడు.

"వినోదా, మనకు నెట్ లేదని చెప్పు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడవైపు తిరిగి గట్టిగా కేకేశాను. "రమాకాంత్, మాకు నెట్ లేదట!"

అవతల టీవీ ఆగిపోయింది. మా ఆయన గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇద్దరం ఎదురుచూశాం. కొంతసేపటికి టీవీ మళ్లీ మొదలైంది.

"ఇనవడనట్టున్నది" అన్నాడు మా ఆయన.

"ఆఁ, ఇనవడలేదు" అన్నాను.